అటక దిగిన మొదటి స్థానం

అటక శుభ్రం చేస్తానని భర్త తనంతట తానే అన్న రోజు, ఆవిడ ముందు అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

“జ్వరమేం లేదే!” అంది.

“మంచిపని చేస్తానంటే జ్వరమా?”

“ఈ ఇంట్లో దిగినప్పట్నుంచీ మొత్తుకుంటున్నాను, అటక సర్దండి మహాప్రభో అని. ఇవాళ అడక్కుండానే నిచ్చెన వేశారు. దేనికోసమో చెప్పండి, నేనే తీసిస్తాను.”

“అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు.”

“ఆ పెద్దలు మిమ్మల్ని చూళ్లేదు.”

ఇలాంటి మాటలకి జవాబు చెబితే పని జరగదని అతనికి అనుభవం. నోరు మూసుకుని నిచ్చెనెక్కాడు.

అతను పంపులు తయారుచేసే కంపెనీలో స్టోర్స్ ఇన్‌చార్జి. ఏ బోల్టు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెబుతాడని పేరు. స్టోర్స్ మేనేజరు కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా అతన్ని ‘ప్రస్తుతానికి’ అని కూర్చోబెట్టేవారు. కుర్చీ వేడెక్కేలోగా పైనుంచి ఇంకో మేనేజరు ఊడిపడేవాడు. వచ్చినవాడల్లా పని అతని దగ్గరే నేర్చుకుని, అతన్నే చీవాట్లు పెట్టి, ప్రమోషన్ మీద వెళ్లిపోయేవాడు. అతను మాత్రం ఇన్‌చార్జి. ఆఫీసులో మొదలైన ఆ పేరు వీధిలోకి, వీధిలోంచి అత్తారింట్లోకి పాకి, అసలు పేరు బ్యాంకువాళ్లకి తప్ప ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

అసలు గొడవ ఆ అత్తారింట్లోనే మొదలైంది. ఆవిడ తమ్ముణ్ణి అందరూ ‘ఫస్టు’ అని పిలుస్తారు. బళ్లో ఫస్టు, కాలేజీలో ఫస్టు, ఉద్యోగంలో ఫస్టు. భోజనాల దగ్గర పీట వేసుకోవడంలో కూడా ఫస్టే. మొన్న అందరూ కలిసినప్పుడు ఆ ఫస్టు తనకి వచ్చిన కొత్త హోదా గురించి చెప్పాడు. అందరూ ఆహా ఓహో అన్నారు. ఆ ఊపులో ఎవరో ఇన్‌చార్జి వైపు తిరిగి, “మీదింకా అదే సీటా బాబూ?” అని జాలిగా అడిగారు.

ఆ జాలి అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఏదో ఒకటి అనాలి. ఏమీ దొరక్క, పెళ్లయిన కొత్తలో కొన్న పాత కంప్యూటర్లోని కారు పందెం ఆట ఎత్తుకున్నాడు. సముద్రం పక్కన రోడ్డు, మలుపులు, రెండు వంతెనలు, చిట్టచివర ఒక లైట్‌హౌస్. సెలవులకి వచ్చినప్పుడల్లా ఫస్టు దాని ముందే కూర్చునేవాడు. రెండో వంతెన మాత్రం ఏనాడూ దాటలేదు.

“ఎన్ని ఫస్టులు వస్తే ఏంలే, లైట్‌హౌస్ దాకా వెళ్లింది నేనొక్కణ్ణే,” అన్నాడు ఇన్‌చార్జి. “ఆ ఆటలో మొదటి స్థానం నాదే. పేరుంది.”

“బావా, మీరు మొదటి మలుపులోనే సముద్రంలో పడేవారు. పక్కన కూర్చుని చూసినవాణ్ణి నేను!”

అందరూ నవ్వారు. పిల్లలు కూడా నవ్వారు.

“ఆ డిస్కు మా అటక మీద భద్రంగా ఉంది. నెలాఖరు ఆదివారం రా, కళ్లారా చూద్దువుగాని.”

“లైట్‌హౌస్ దగ్గర రోడ్డు ఎటు తిరుగుతుంది బావా, కుడికా ఎడమకా?”

“అవన్నీ ఎవడికి గుర్తుంటాయోయ్,” అని తప్పించుకున్నాడు.

వడ్డిస్తున్న భార్య మాత్రం, “ఆ డిస్కు జోలికి వెళ్లకండి, బాగుండదు,” అంది. కట్టుకున్నదానికి కూడా తన మీద నమ్మకం లేదని అతనికి ఒళ్లు మండింది.

నవ్వినవాళ్లకి అది పిల్లలాట. అతనికి మాత్రం ఈ భూప్రపంచంలో తన పేరు అందరికంటే పైన ఉన్న చోటు అదొక్కటే. దాన్ని చూపించలేకపోతే ఇక అత్తారింటి గడప తొక్కలేడు. అందుకే నిచ్చెన. ఆ సంగతి ఆవిడ ఈపాటికి మరిచిపోయి ఉంటుందని అతని ధీమా. ఆవిడ ఏదీ మరిచిపోదని ఇరవై ఏళ్ల కాపురంలో తెలుసుకోకపోవడం అతని గొప్పతనం.

అటక మీంచి ముందు పాత పరుపు దిగింది. తర్వాత విరిగిన కుర్చీ, కాళ్లు లేని బల్ల, బల్ల లేని కాళ్లు, ఎప్పటివో ట్రంకు పెట్టెలు. అన్నిటి వెనకా కంప్యూటరు దొరికింది. దాన్ని చూసిన క్షణంలో అటక శుభ్రం చేసే ఉత్సాహం చల్లారింది. దిగినవి దిగినట్టు హాల్లోనే ఉండిపోయాయి.

“అటక మీది సామాను హాల్లోకొచ్చింది. హాల్లో సామాను వంటింట్లోకొచ్చింది. మరి నేను అటకెక్కనా?” అంది ఆవిడ.

“రెండు రోజులు ఓపిక పట్టు.”

“కంపెనీలో లక్ష సామాన్లు సర్దే మనిషి! ఇంట్లో చెప్పులు విడిచే చోటు లేకుండా చేశారు.”

“అక్కడ జీతమిస్తారే!”

“ఇక్కడ భోజనం పెడుతున్నారు. అది గుర్తుంచుకోండి.”

అతను గుర్తుంచుకున్నాడు. తిన్నాకే స్విచ్చి వేశాడు. పాత మిషను ఠప్పుమని ఒక్క చప్పుడు చేసి, ఇంత పొగ వదిలి, ప్రాణం విడిచింది. మిగిలింది లోపలి డిస్కు. కంప్యూటరు తన జ్ఞాపకాలన్నీ దాచుకునే ఇనప డబ్బా అది. అతని మొదటి స్థానం అందులోనే ఉంది.

మర్నాడు పాత కంప్యూటర్ల దుకాణానికి పరిగెత్తాడు. ఆ దుకాణదారుణ్ణి అందరూ ‘డాక్టరు’ అంటారు. ఏ వస్తువు తెచ్చినా చెవి ఆనించి విని, పెదవి విరిచి, “ఇంటికి తీసుకెళ్లండి, చూడాలనుకున్నవాళ్లని పిలిపించుకోండి,” అంటాడు కాబట్టి. డాక్టరు తన గుట్టలోంచి అదే ఈడుది ఇంకో మిషను లాగి అంటగట్టాడు. దాంట్లో దాని డిస్కు దానికుంది.

అక్కడి నుంచి ఇన్‌చార్జి కష్టాలు మొదలయ్యాయి. తన పాత డిస్కు ఒక్కదాన్నే పెడితే, కొత్త ఒంట్లో ఇమడలేక తెర నీలంగా మారి మిషను బిగుసుకుపోయేది. డాక్టరిచ్చిన డిస్కు పెడితే శుభ్రంగా లేచేది. సరే, లేవడానికి అది, చూడడానికి ఇది అనుకుని రెండింటినీ ఒకే తీగకి తగిలించాడు. రెండూ మాయం. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ‘డిస్కే లేదు’ అంది మిషను. తీగ తిప్పి పెట్టాడు. లేదంది. తీగ మార్చాడు. లేదంది. దణ్ణం పెట్టాడు. అయినా లేదంది.

“లోపల బిగుసుకుపోయి ఉంటుంది సార్,” అన్నాడు డాక్టరు ఫోన్లో. “గట్టి కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టండి. పట్టు వదిలేస్తుంది. పోయే ప్రాణాలు చాలా నిలబెట్టాను అలా.”

సాయంత్రం వంటింట్లోంచి పిలుపు వచ్చింది.

“ఏమండీ! ఫ్రీజర్లో ఇదేంటి?”

“డిస్కు.”

“అది తెలుస్తోంది. ఎందుకుంది?”

“వైద్యం.”

“ఇంట్లో మనిషికి జ్వరమొస్తే నెత్తిన తడిగుడ్డ వేసే తీరిక లేదు. ఇనప ముక్కకి ఐసు వైద్యమా! నిరుడు నేను మంచం పట్టినప్పుడు మీరేం చేశారో గుర్తుందా?”

“పక్క గదిలో పడుకున్నాను, నీకు విశ్రాంతిగా ఉంటుందని.”

“అవును. తలుపు కూడా వేసుకున్నారు, నా దగ్గు వినబడుతోందని.”

ఇందులో అబద్ధమేమీ లేదు. కాబట్టి అతను డిస్కు పట్టుకుని బయటికి నడిచాడు.

ఫ్రీజర్లోంచి వచ్చిన డిస్కుకి చెమటలు పట్టాయి. తడిమీద కరెంటు ఇస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి, ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి దాని మీద పెట్టాడు. ఆ ప్లగ్గులోనే ఇస్త్రీపెట్టె ఉంది. ఆ ప్లగ్గు మీదే వాషింగ్ మిషను తిరుగుతోంది. మూడూ కలిసి ఇంటి ఫ్యూజు ఎగరగొట్టాయి. వాషింగ్ మిషను కడుపునిండా నీళ్లతో, దుప్పట్లతో నడిమధ్యలో ఆగిపోయింది. కంగారుగా దాని తలుపు లాగితే ఆ నీళ్లన్నీ హాల్లోకి వచ్చి, అటక మీంచి దిగిన పరుపుని ఆప్యాయంగా చేరుకున్నాయి.

ఆవిడ అరవలేదు. అదే భయం అతనికి. పాతగుడ్డ తెచ్చి నేల తుడుస్తూ, తుడుస్తూ, బల్ల మీద పక్కపక్కనే ఉన్న రెండు డిస్కుల దగ్గర ఆగింది.

“రెండింటికీ వెనక ఆ నల్లటోపీ ఒకేచోట పెట్టారు,” అంది.

“ఏ టోపీ?”

“అదిగో, పిన్నుల మీద చిన్న ముక్క. అది ఎక్కడుందో దాన్నిబట్టి ఒకటి పెద్దది, ఇంకోటి చిన్నది. రెండూ నేనే పెద్దంటే మిషను దేన్నీ పట్టించుకోదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?”

“నీకేం తెలుసే ఇవన్నీ! వెళ్లి పని చూసుకో.”

ఆవిడ వెళ్లింది. వెళ్లిందని నిర్ధారించుకుని, అతను పాత డిస్కు టోపీ పీకి పక్క పిన్నుల మీద పెట్టాడు. ఫ్యూజు వేసి స్విచ్చి నొక్కాడు. రెండు డిస్కులూ బుద్ధిగా ఒకదాని కింద ఒకటి తెర మీదికి వచ్చాయి.

“సాధించాను!” అని కేకేశాడు. “తీగలోనే ఉంది లోపం! కనిపెట్టేశాను!”

“సంతోషం,” అంది వంటింట్లోంచి ఆవిడ.

ఆట తెరిచాడు. సముద్రం, రోడ్డు, పది పేర్ల పట్టిక. అన్నిటికంటే పైన ఇంగ్లీషు అక్షరాల్లో ‘బాస్’ అని ఉంది. ఆట నాలుగక్షరాలే తీసుకునేది. ఆ రోజుల్లో అతను పెట్టుకున్న పేరది. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఫీసులో ఎవరూ పిలవని పేరు, ఇంట్లో ఎవరూ ఒప్పుకోని పేరు, ఇన్నేళ్లూ అటక మీద చీకట్లో అలాగే ఉంది.

అంతలో డిస్కు టక్, టక్ మని కొట్టుకోవడం మొదలెట్టింది. ఫోన్లోనే విన్నాడు డాక్టరు. “రేపో మాపో అన్నట్టుంది సార్. ఇంకోదాంట్లోకి ఎక్కించేయండి. లేదా పని పడేదాకా ముట్టుకోకండి.” ఇన్‌చార్జి తన డిస్కులోది మొత్తం పట్టడానికి డాక్టరిచ్చింది చాలదని కొత్త పెద్ద డిస్కు తెచ్చి తగిలించాడు. డాక్టరిచ్చిన మిషనుకి అంత పెద్దది అసలు కనబడలేదు. చిన్నవాటినే చూడగలిగిన పాతకాలపు కళ్లు దానివి. ఇక ఆదివారం దాకా ముట్టుకోకూడదని ప్లగ్గు పీకి, దాని మీద తువ్వాలు కప్పి, వచ్చేపోయేవాళ్లని గట్టిగా నడవనివ్వకుండా కాపలా కాశాడు.

ఆదివారం ఫస్టు అన్నమాట ప్రకారం వచ్చాడు. పరుపు మీంచి దాటి, ట్రంకు పెట్టె మీద కూర్చున్నాడు.

“ఇల్లు మారుతున్నారా బావా?”

“ఇటు చూడు.”

పట్టిక వచ్చింది. ఫస్టు ముందుకు వంగి చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. “ఒప్పుకున్నాను బావా. మీ పేరు పక్కన లైట్‌హౌస్ గుర్తు కూడా ఉంది. అందరికీ చెబుతాను.”

ఆ నమస్కారం ఒక్కటి చాలు, అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కానీ లెక్కల్లో కూడా ఫస్టే కదా అతను.

“ఒకటే అర్థం కాలేదు. మొదటి స్థానంలో లక్షా పైచిలుకు. మళ్లీ మీ పేరున్నది అట్టడుగున పదో స్థానంలో, అందులో మూడు వేలు. మధ్యలో ఏమైంది?”

“విజృంభించాను.”

“ఏదీ, ఒక్కసారి విజృంభించండి, చూస్తాను.”

ఇన్‌చార్జి కూర్చున్నాడు. కారు కదిలింది. మొదటి మలుపులో సముద్రంలో పడింది. “అలవాటు తప్పింది,” అన్నాడు. రెండోసారీ అక్కడే పడింది. “కీబోర్డు మొద్దుబారింది.” మూడోసారి పడ్డాక కారణాలు అయిపోయాయి. ఫస్టు ఆడి, యథాప్రకారం రెండో వంతెన దగ్గర గోడకి గుద్దాడు.

అప్పుడే టీ కప్పులతో వచ్చిన ఆవిడ, “వంతెన మీద బ్రేకు వెయ్యకూడదురా, వదిలెయ్యాలి,” అంది. అనేసి నాలిక్కరుచుకుంది.

“అక్కా, నీకెలా తెలుసు?”

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. భర్త వైపు చూసింది. కప్పులు ట్రంకు పెట్టె మీద పెట్టి, తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని, “జరగండి,” అంది.

అతను జరిగాడు. ఆవిడ కుర్చీ చివర కూర్చుంది, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చినదానిలా. వేళ్లు మాత్రం ఎక్కడికి వెళ్లాలో అక్కడికి వాటంతట అవే వెళ్లాయి. మొదటి మలుపు దాటింది. మొదటి వంతెన దాటింది. రెండో వంతెన మీద కారు గాల్లోకి లేచి అవతల దిగింది. అక్కడి నుంచి రోడ్డు ఇన్‌చార్జి పుట్టి బుద్ధెరిగి చూడని రోడ్డు. చివర్లో దారి ఎడమకి తిరిగి, తెల్లటి లైట్‌హౌస్ కనబడింది.

ఇన్‌చార్జికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

“అయితే ఆ లక్ష…” అన్నాడు ఫస్టు.

“నాదే.”

“మరి నా పేరెందుకు రాశావు?” అన్నాడు ఇన్‌చార్జి.

“ఆ వారమే మీకు మొదటిసారి మేనేజరు సీటు తప్పిపోయింది. మూడు పూటలు ముద్ద ముట్టలేదు మీరు. మధ్యాహ్నాలు నేనొక్కదాన్నే ఉండేదాన్ని కదా, పని అయ్యాక ఆడుకునేదాన్ని. ఆ రోజు లైట్‌హౌస్ దాకా వెళ్లాను. పేరడిగింది. పోనీ ఎక్కడో ఒకచోట మీరు పైనున్నట్టు ఉంటుందని మీ పేరు కొట్టాను.”

“చెప్పలేదే!”

“అడుగుతారనుకున్నాను. సాయంత్రం వచ్చి చూశారు. మూడు వేలు దాటని మనిషికి లక్ష ఎలా వచ్చిందా అని ఒక్క నిమిషం ఆలోచిస్తారనుకున్నాను. మీరు నవ్వుకుని, చేతులు కడుక్కుని, రెండు పళ్లేలు లాగించారు. మీరే కొట్టారనుకున్నారు! ఈ ఇంట్లో ఇంకొకరికి చేతనవుతుందని మీకు తోచనే లేదు. అప్పుడు మాత్రం కడుపు మండింది.”

అతనికి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఏదో తేడాగా అనిపించిన మాట నిజం. ఏదో ఒక రాత్రి నిద్రమత్తులో ఆడి ఉంటానని సర్దిచెప్పుకున్నాడు. అబద్ధం కూడా ఇరవై ఏళ్లు నానితే జ్ఞాపకంలాగే ఉంటుంది.

“తర్వాత నెల తిరక్కుండానే దీన్ని అటకెక్కించారు,” అంది ఆవిడ. “ఆఫీసుకి వెళ్లేవాణ్ణి నాకే తీరిక లేదు, ఇంట్లో ఇంకెవరు ముట్టుకుంటారు అన్నారు. ఆ టోపీలూ తీగలూ కూడా ఆ మధ్యాహ్నాలే నేర్చుకున్నాను, మిషను మొరాయిస్తే పిలవడానికి ఎవరూ లేక. ఈ ఇంటికొచ్చాక నేను ఫస్టు వచ్చింది అదొక్కటే. అది కూడా మీ పేరు మీదే వచ్చింది.”

ఫస్టు తల వంచుకుని టీ తాగాడు. సెలవుల్లో వచ్చి అక్క చేతి వంట తిని, ఆ కుర్చీ ఖాళీ చెయ్యకుండా ఆడినవాడు అతను కూడా.

తెర పేరడుగుతోంది. ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుని, ఇంగ్లీషు అక్షరాల్లో ‘నేను’ అని కొట్టింది. సరిపోయింది, నాలుగక్షరాలే. నొక్కింది.

డిస్కు టక్ మంది. ఇంకోసారి టక్ మంది. కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. తెర బిగుసుకుపోయింది. బాసూ పోయాడు, నేనూ పోయింది.

ఇన్‌చార్జికి ముందు కలిగింది సంతోషం. సాక్ష్యం పోయిందన్న సంతోషం. ఆ తర్వాత భార్య ముఖం చూశాడు. ఆవిడ తెర మీద అప్పుడే ఆగిపోయిన తన పేరు వంక చూస్తోంది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

“పోనీలే అక్కా, నేను చూశానుగా,” అన్నాడు ఫస్టు. చెప్పడంలో కూడా ఫస్టే కాబట్టి, అతను ఇల్లు చేరకముందే అత్తారింటి తరఫు వాళ్లందరికీ సంగతి చేరిపోయింది. ఆ సాయంత్రం మోగిన ప్రతి ఫోనూ ఆవిడకే. “ఇన్‌చార్జి ఉన్నారా?” అని ఒక్కరూ అడగలేదు.

చచ్చిన డిస్కుని ఏ ఫ్రీజరూ లేపలేదు. ట్రంకు పెట్టెలో ఆట సీడీ దొరికితే, ఇన్‌చార్జి దాన్ని డాక్టరిచ్చిన డిస్కులోకి ఎక్కించాడు. ఎవరూ చెయ్యమనలేదు, చేసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. అప్పట్నుంచి సాయంత్రాలు ఆవిడ కుర్చీలో, అతను అంట్ల దగ్గర. మిషను మొరాయిస్తే ఆవిడ పిలుస్తుంది. అతను స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చి, బాగుచేసి, మళ్లీ అంట్ల దగ్గరికి వెళ్లిపోతాడు. మిషనుకి ఇన్‌చార్జి, అంతే.

ఈలోగా ఆఫీసులో మళ్లీ మేనేజరు కుర్చీ ఖాళీ అయింది. మళ్లీ ‘ప్రస్తుతానికి’ కూర్చోబెట్టారు. మళ్లీ పైనుంచి ఒకడు దిగాడు. ఆ రాత్రి అతను పళ్లెంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు.

మర్నాడు పొద్దున ఆవిడ పెరట్లో ఉండగా మిషను వేసి పట్టిక చూశాడు. మొదటి తొమ్మిది స్థానాల్లోనూ ‘నేను’. పదో స్థానంలో ‘బాస్’. దాని పక్కన నలభై వేలు.

అతను చాలాసేపు ఆ అంకె వంక చూశాడు. తర్వాత పెరటి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

“పదోది నేను కొట్టింది కాదు కదా?”

ఆవిడ బట్టలు ఆరేయడం ఆపి వెనక్కి తిరిగింది. “ఇన్నాళ్లకి అడిగారు,” అంది.

“ఎందుకు రాశావు మరి?”

“నిన్న రాత్రి మీరు సరిగ్గా తినలేదు.”

అతను వంటింట్లోకి వెళ్లి, తన కోసం మూత పెట్టి ఉంచిన పళ్లెం తీసుకుని, మెతుకు మిగల్చకుండా తిని, పళ్లెం కడిగి బోర్లించాడు. హాల్లోకి వచ్చి నిచ్చెన వేశాడు. అటక మీదికి ముందు కాళ్లు లేని బల్ల ఎక్కింది, తర్వాత బల్ల లేని కాళ్లు.